పలక మీది మంచు

పోయిన నెలలో మధురానగర్ నుంచి ఎవరో ఆవిడ ఫోన్ చేసి, "చిన్నప్పుడు మా కరుణ మేనత్త దగ్గర పిట్టల లెక్క రాసింది మీరేనా అండీ?" అని అడిగింది. అవునన్నాను. "ఇల్లు ఖాళీ చేస్తున్నామండి. ఒక రేకుపెట్టె ఉంది. మూత మీద ‘ఫిలింనగర్ అమ్మాయిది’ అని కాగితం అంటించి ఉంది. ఆ అమ్మాయి ఎవరో మాలో ఎవరికీ తెలియలేదు. లోపలి పుస్తకంలో సంతకాలు చూసి మీరని పట్టుకున్నాం," అంది. పాత వస్తువులంటే నాకు విసుగు. పోయినవాళ్ళ సామాను ఎవరైనా తెచ్చి చేతిలో పెడితే ముందు దుమ్ము, తరవాత తుమ్ములు, ఆ తరవాత ఏడుపు. మూడూ నాకు పడవు. అయినా ఆటో చేసుకుని వెళ్ళి తెచ్చుకున్నాను. తెచ్చి సోఫా పక్కన పెట్టి, నాలుగు రోజులు దాని మీద పాత పేపర్లు పేర్చాను. ఐదో రోజు పొద్దున కాఫీ చల్లారిపోయేదాకా దాని వంక చూస్తూ కూర్చుని, ఇంక వేషాలు చాలనుకుని మూత తీశాను. కలరా ఉండల వాసన గుప్పుమంది. లోపల గుడ్డలో చుట్టిన మూల విరిగిన పలక, పాదరసం పైకి ఎక్కని థర్మామీటరు, నా చేతిరాతతో నిండిన పొడుగు నోటుపుస్తకం, దాని కింద అరచేతిలో పట్టే చిన్న పాకెట్ పుస్తకం ఒకటి. ఆ చిన్నది నేను ఎన్నడూ చూడలేదు.

మేము మద్రాసు నుంచి వచ్చినప్పుడు నాకు పదకొండేళ్ళు. సినిమావాళ్ళు ఒక్కొక్కరే ఇటు తరలివస్తున్న కాలం. నాన్న దర్శకుల దగ్గర అసిస్టెంటు. పని ఎటు పోతే అటు పోవడమే గాని, ఎందుకని అడిగే స్థాయి కాదు ఆయనది. అమ్మ అప్పటికి రెండేళ్ళ కిందటే పోయింది. ఇల్లు చూసుకోవడానికి తెనాలి నుంచి మా మేనత్త సీతమ్మ వచ్చింది. ఫిలింనగర్‌లో అప్పట్లో ఇళ్ళకంటే బండరాళ్ళు ఎక్కువ. నా ఈడు పిల్లలు ఎవరూ లేరు. ఉన్న ఒకరిద్దరూ కార్లలో వెళ్ళి కార్లలో వచ్చేవాళ్ళు. బడిలో నా తెలుగు విని నవ్వేవారు, అందులో సగం అరవం దొర్లుతుందని. తిరిగి నవ్వడం నాకు రాదు, కోపం వస్తుంది. కోపం వచ్చేవాళ్ళతో ఎవరు ఆడుకుంటారు. సాయంత్రం ఇంటికొస్తే అత్తయ్య పారాయణంలో ఉండేది, నాన్న షూటింగులో ఉండేవాడు. నేను వరండాలో కూర్చుని ఎదురుగా ఉన్న బండల్ని లెక్కపెట్టేదాన్ని. పద్నాలుగు. ఏ రోజు లెక్కపెట్టినా పద్నాలుగే.

చలికాలం వచ్చిందంటే అత్తయ్య నాలుగున్నరకే లేచి పెరట్లో రాగి బాయిలరు అంటించేది. తడి పుల్లల పొగ, ఆ పొగలోంచి కుంకుడుకాయ వాసన, దాని వెనకాలే పోపులో మాడిన మెంతుల వాసన, ఈ మూడూ వరసగా వస్తేనే తెల్లవారినట్టు నాకు. బాయిలరు ముందు గొంతుకూర్చుని చేతులు కాచుకుంటూ ఆవిడ తనలో తనే మాట్లాడుకునేది. "ఇదేం ఊరమ్మా, ఎముకలు కొరుకుతోంది. మా ఊళ్ళో చలంటే దుప్పటి కప్పుకుంటే పోయేది, ఇక్కడ దుప్పటికే చలి వేస్తోంది." తలకి మఫ్లరు చుట్టుకుని, దాని పైన కొంగు కప్పుకుని, వంట చేసేది. నాతో మాట్లాడినవి తక్కువ. ప్రేమ లేక కాదు. నా మొహం చూస్తే ఆవిడకి మా అమ్మ గుర్తొచ్చేది, ఆ మాట ఒకసారి అనేసింది కూడా. ఆ తరవాత నేనే ఎదురుపడటం తగ్గించాను.

నాన్న చేసే పనిని కంటిన్యూటీ అంటారు. ఒక సీను పది రోజులు తీస్తారు. మొదటిరోజు హీరో చొక్కాకి పై గుండీ ఊడి ఉంటే పదో రోజూ ఊడే ఉండాలి. గ్లాసులో మజ్జిగ ఎంతవరకు ఉంది, పువ్వు ఏ చెవి వైపు ఉంది, తలుపు ఎంత తెరిచి ఉంది, అన్నీ రాసుకోవడం నాన్న పని. ఇంట్లో ఉన్న రోజున భోజనాల దగ్గర కూడా ఆ కాగితాలే. "నిన్నటిది చూసి ఇవాళ్టిది రాయాలి అమ్మలూ. మధ్యలో ఎన్ని రోజులు గడిస్తేనేం, తెర మీద అతుకు కనబడకూడదు," అనేవాడు. అత్తయ్య పెరుగు వడ్డిస్తూ, "అబద్ధమాడినా అతికినట్టుండాలని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా. మా తమ్ముడికి దాని మీదే జీతం," అనేది. నాన్న నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఆ విద్య నాకూ అబ్బిందని అప్పుడు ఎవరికీ తెలియదు, నాతో సహా.

మా వీధి చివర, బండలు దిగి కాస్త జూబ్లీహిల్స్ వైపు నడిస్తే ఒక చెట్ల తోట ఉండేది. పూలతోట కాదు. ఎక్కడెక్కడి చెట్లనో తెచ్చి, రకానికి రెండో మూడో నాటి, ఒక్కోదానికి రేకుముక్క మీద నంబరూ పేరూ రాసి మేకుకొట్టారు. చదువుకునేవాళ్ళ కోసమట. చదువుకునేవాళ్ళు ఎవరూ వచ్చేవారు కాదు. గోడ కూలిన చోట దూరి నేను పోయేదాన్ని. రెండోరోజో మూడోరోజో కావలి మల్లయ్య పట్టుకున్నాడు. "ఎవరి పోరివే నువ్వు? గీడ ఏం జేస్తున్నవ్? పాములుంటయ్, జర పైలం," అన్నాడు, చెయ్యి వదలకుండా. "ఉండనీ మల్లయ్యా," అని వెనకనించి వినబడింది. చెట్టు కింద సిమెంటు బెంచీ మీద తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ కూర్చుని ఉంది. పక్కన చేతికర్ర. "ఏం చూస్తున్నావు అమ్మాయ్?" అని అడిగింది. "ఏమీ లేదండి," అన్నాను. "ఏమీ లేకపోవడాన్ని ఎంతసేపటినుంచి చూస్తున్నావు?" అంది. నవ్వుతూ కాదు, నిజంగానే అడిగింది. అరగంట అయిందని చెప్పాను. "అంతసేపు చూడగలిగితే నాకు పనికొస్తావు," అంది.

ఆవిడే కరుణమ్మగారు. ఒంగోలు వైపు మిషన్ స్కూల్లో వృక్షశాస్త్రం చెప్పి రిటైరై, మధురానగర్‌లో తమ్ముడి ఇంటి పై గదిలో ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. అక్కడ చెప్పిన ముప్ఫయ్యేళ్ళూ ప్రతి చలికాలం వాతావరణమూ పిట్టలూ రాసిందట. ఇక్కడా ఈ తోట దొరికింది గాని, మోకాళ్ళు పోయాయి. తోట ఉన్న మిట్ట ఎక్కడానికి ఆటోవాళ్ళు ఒప్పుకునేవారు కాదు, ఒప్పుకున్నా కింద దింపేసేవారు. అందుకని శనివారం ఒక్కరోజు వచ్చేది. "మిగతా రోజులకి నాకు కాళ్ళు లేవు. నీకున్నాయి. పొద్దున్నే లేవగలవా?" అని అడిగింది. నాతో పని ఉందని అన్నవాళ్ళు ఆ ఊళ్ళో ఆవిడే మొదలు. మర్నాడు ఐదింటికే లేచి కూర్చున్నాను.

పని ఇదీ. మల్లయ్య రాత్రి పడుకోబోయే ముందు ఒక పలకని గడ్డిలో ఆరుబయట పెట్టి ఉంచేవాడు. తెల్లవారి నేను వెళ్ళి దాని మీద వేలితో ఒక అక్షరం రాయాలి. అక్షరం స్పష్టంగా పడితే మంచు నిండుగా కురిసినట్టు, చెదిరితే కొంచెం, వేలికి తడే అంటకపోతే లేనట్టు. తరవాత చెక్కపెట్టెలో వేలాడే థర్మామీటరు చూడాలి. గాలి ఉందా, మబ్బు ఉందా రాయాలి. ఆ తరవాత పిట్టలు. నెమళ్ళు, కౌజులు, చీలిన తోకతో నల్లగా ఉండే పసుల పోలిగాళ్ళు, తాడిచెట్టు తొర్రలో ఎండకాచుకునే పైడికంటె అనే చిన్న గుడ్లగూబ. అన్నిటికంటే ముఖ్యం జిట్టంగి. బూడిదరంగు వీపు, కింద లేతపసుపు, కాలు నిలిచినా తోక నిలవదు. చలికాలం మొదట్లో ఎక్కడో హిమాలయాల నుంచి వచ్చి, మా తోటలో కారే కుళాయి కింద చెమ్మలో నాలుగు నెలలు ఉండిపోయేది. ఒక్కటే. జంట ఉండేది కాదు. అది నాకు నచ్చింది.

నియమాలు రెండే. "కనబడకపోతే ఖాళీ వదలకూడదు. కనబడలేదు అని రాయాలి. కనబడలేదు అన్నది కూడా లెక్కే," అనేది. రెండోది, తప్పు రాస్తే చెరపకూడదు. "ఒక్క గీత కొట్టు. పక్కన సరైనది రాయి. కింద తప్పు చదవడానికి వీలుగా ఉండాలి. తప్పు చేశామన్నది దాచుకుంటే నేర్చుకునేదేముంది?" శనివారం వచ్చి బెంచీ మీద కూర్చుని కళ్ళు మూసుకునేది. నేను వారమంతా చదివేదాన్ని. మధ్యలో, "ఆ రోజు పైడికంటె ఏ కొమ్మ మీద?" అని అడిగేది. చెప్పేదాన్ని. నా మాట కోసం ఒకరు ఏడు రోజులు ఎదురుచూస్తున్నారన్న సంగతి నన్ను ఆ చలికాలమంతా నిలబెట్టింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెబితే తగ్గిపోతుందేమోనని.

ఆ మరుసటి చలికాలం, క్రిస్మస్ సెలవుల్లో, నాన్న వాళ్ళ సినిమాలో పెళ్ళి సీను పడింది. స్టూడియో లోపల ఫ్లోరులో సెట్టు వేశారు. పెళ్ళివారిలో ఒక పిల్ల తక్కువైంది. "మూడు రోజులు వస్తావా అమ్మలూ?" అన్నాడు నాన్న. వెళ్ళాను. తెలవారకముందే వ్యానులో ఎక్కించేవారు, చీకటి పడ్డాక దింపేవారు. లోపలికి వెళ్ళాక బయట ఏముందో తెలిసేది కాదు. అరటి బోదెలు, మల్లెదండలు, లైట్ల వేడి. బయట పుష్యమాసమో ఏమో గాని లోపల మాత్రం వైశాఖం. నాకు అమ్మమ్మ వేషం వేసినావిడ ఒడిలో కూర్చోబెట్టుకుంది. పిన్ని వేషం వేసినావిడ జడ వేసింది. కెమెరా ఆగినా ఆ ముసలావిడ నన్ను దింపలేదు, "ఉండనీ బంగారం, వెచ్చగా ఉంది," అంది. మూడు రోజులు నాకు ఇంటినిండా చుట్టాలు. మూడో రోజు రాత్రి సెట్టు విప్పేశారు. ఆవిడ మామూలు చీర కట్టుకుని నన్ను గుర్తుపట్టకుండా బస్సు ఎక్కింది. తప్పు ఆవిడది కాదు, నేను గౌను మార్చుకున్నాను కదా. అయినా కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

పుస్తకంలో మంగళ, బుధ, గురువారాలు ఖాళీ. శుక్రవారం తోటకి వెళ్ళి ఆ రోజుది రాశాను. కనబడలేదని రాయడానికి నేను చూడనైనా చూడలేదు. చూడలేదు, రాలేదు అని రాయాలంటే, ఎందుకు రాలేదని అడుగుతుంది. సినిమాలో పెళ్ళి చుట్టాల కోసం ఆవిణ్ణి వదిలేశానని ఎలా చెప్పను. ఇంక రావద్దని పంపేస్తుందేమో, నా పని ఇంకొకరికి ఇచ్చేస్తుందేమో. అప్పుడు నాన్న విద్య గుర్తొచ్చింది. సోమవారం పదమూడు డిగ్రీలు, శుక్రవారం పదకొండు. మధ్యలో పన్నెండున్నర, పన్నెండు, పదకొండున్నర వేశాను. మంచు అటూ ఇటూ నిండుగానే ఉంది గనక మూడు రోజులూ నిండుగా కురిపించాను. జిట్టంగి సోమవారం కుళాయికి ఎడంవైపు, శుక్రవారం కుడివైపు. మంగళవారం ఎడమనే ఉంచి, బుధవారం కుళాయి గొట్టం మీద కూర్చోబెట్టి, గురువారానికి కుడివైపు దింపాను. ఎక్కడా అతుకు కనబడలేదు. పెన్సిలు కూడా మార్చి రాశాను, ఒకే రోజు రాసినట్టు తెలియకుండా. అంత తెలివి.

శనివారం కరుణమ్మగారు బెంచీ మీద కూర్చుంది. కళ్ళు మూసుకోలేదు. మల్లయ్య కొంచెం దూరంలో ఆకులు ఊడుస్తున్నాడు.

"మంగళవారం?" అంది.

"పన్నెండున్నర అండి. మంచు నిండుగా ఉంది. జిట్టంగి ఒకటి, కుళాయికి ఎడంవైపు."

"గాలేమన్నా వేసిందా?"

"లేదండి."

"బుధవారం?"

"పన్నెండండి. మంచు నిండుగా. జిట్టంగి గొట్టం మీద కూర్చుంది."

"పలక మీద ఏ అక్షరం రాశావు?"

"‘అ’ రాశానండి."

"స్పష్టంగా పడిందా?"

"పడిందండి."

గురువారం కూడా చదివాను. మల్లయ్య చీపురు ఆగిపోయింది. కరుణమ్మగారు కళ్ళజోడు తీసి కొంగుతో చాలాసేపు తుడుచుకుంది. తరవాత, "నీకు ఒంట్లో బాగానే ఉంది కదా?" అని అడిగింది. ఈ మాట ఇక్కడ ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. బాగానే ఉందండి అన్నాను. "సరే," అంది. సంచీలోంచి గోధుమరంగు స్వెట్టరు తీసి నా ఒళ్ళో పెట్టింది, క్రిస్మస్‌కి అల్లానని. చేతులు పొడుగైపోయాయి, రెండు మడతలు పెట్టుకోవాల్సి వచ్చింది. మళ్ళీ ఏదో ఆలోచించి, "ఇకనుంచి రోజూ రాశాక కింద సంతకం పెట్టు అమ్మాయ్. నీ కళ్ళతో చూసిన రోజు నీదే కదా," అంది. ఆ మాటకి పొంగిపోయాను. నన్ను పెద్దదాన్ని చేసిందనుకున్నాను. వెళ్ళేటప్పుడు మల్లయ్య నా వైపు చూడకుండా, "మస్తు మంచిగ రాస్తవు బిడ్డా," అన్నాడు. అది కూడా మెప్పే అనుకున్నాను.

సంతకం మాత్రం బరువైన వస్తువని పెట్టడం మొదలుపెట్టాకే తెలిసింది. పేరు రాయబోయే ముందు చెయ్యి ఆగేది. ఆ తరవాత నాలుగు చలికాలాలు రాశాను, ఒక్కరోజు కూడా కల్పించలేదు. జ్వరం వచ్చిన రోజుల్లో ‘నేను వెళ్ళలేదు’ అని రాసి సంతకం పెట్టాను. చదివితే ఆవిడ తల ఊపేది, అంతే. ఆ మూడు రోజుల సంగతి చెప్పేద్దామని చాలా శనివారాలు అనుకున్నాను. వచ్చేవారం, వచ్చేవారం. ఈలోగా కాలేజీ, హాస్టలు. ఉత్తరాలు పలచబడ్డాయి. ఆవిడ పోయిందన్న కబురు నాకు సమాధి చేసిన పదిహేను రోజులకి అందింది. ఎవరు మాత్రం ఎందుకు చెబుతారు, వాళ్ళకి నా పేరే తెలియదు.

ఇప్పుడు మళ్ళీ ఆ వీధికి దగ్గర్లోనే ఉంటున్నాను, నాలుగో అంతస్తులో, ఒక్కదాన్ని. బండలన్నీ పేల్చేశారు. తోట సగం రోడ్డులో కలిసింది, మిగిలిన సగంలో నడిచేవాళ్ళ కోసం ఇటుకల బాట వేశారు. కుళాయి ఉన్నచోట తాగునీటి యంత్రం ఉంది. దాంట్లోంచి చుక్క కారదు, కారితే వెంటనే బాగుచేస్తారు. చెమ్మ లేనిచోట జిట్టంగికి ఏం పని? మఫ్లరు కట్టుకోవాల్సినంత చలి ఎప్పుడో ఒకరోజు వస్తుంది, ఫోనులో చూసి తెలుసుకుంటాం. పలక పెట్టి చూద్దామన్నా గడ్డికి తెల్లవార్లూ పైపుతో నీళ్ళు కొడతారు. పాతరోజులే మంచివని నేను అనను, ఆ రోజుల్లో నేను పడ్డ ఒంటరితనం పగవాళ్ళకి కూడా వద్దు. కాకపోతే అప్పుడు ఒంటరితనానికి వెళ్ళి కూర్చునే చోటొకటి ఉండేది.

చిన్న పాకెట్ పుస్తకం ఆవిడదే. సన్నటి పెన్సిలు రాత. ఎక్కువగా శనివారాలే ఉన్నాయి, వాటి మధ్య ఆ డిసెంబరులో మాత్రం వరసగా మూడు మామూలు రోజులు. చదివినదాన్ని చదివినట్టే ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

‘మంగళవారం. చలి ఎక్కువ. పిల్లకి వెచ్చటి బట్ట లేదు, క్రిస్మస్ దాకా ఆగడం ఎందుకని వచ్చాను. పదిన్నర డిగ్రీలు. ఈదురుగాలి, పలక మీద మంచు లేదు. జిట్టంగి - 1. అమ్మాయి - కనబడలేదు.’

‘బుధవారం. మబ్బు. పదహారు. మంచు లేదు. జిట్టంగి - కనబడలేదు. అమ్మాయి - కనబడలేదు. ఎండ వచ్చేదాకా ఉన్నాను, ఎండ రాలేదు.’

‘గురువారం. తుంపర. పలక తడిసింది గాని అది మంచు కాదు. జిట్టంగి - కనబడలేదు. అమ్మాయి - కనబడలేదు. జ్వరమేమో. మల్లయ్యని వాళ్ళింటికి పంపుదామనుకున్నాను, ఇల్లు తెలియదు. ప్రార్థన చేశాను.’

ఆ మోకాళ్ళతో ఆ మిట్ట మూడుసార్లు ఎక్కింది. నా ఎదురుగా కూర్చుని నా అబద్ధాన్ని తారీఖుల వారీగా విన్నది. నన్ను పట్టుకోవడానికి ఆ ప్రశ్నలు వేసిందనుకోను, మధ్యలో ఎక్కడో ఆగి నిజం చెబుతానేమోనని ఆగుతూ అడిగింది. ఒంటరిదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను ఆ రోజుల్లో. తమ్ముడి ఇంటి పై గదిలో వారానికి ఆరు రోజులు ఆవిడ ఏం చేసేదో నేను ఒక్కసారి కూడా అడగలేదు. పేజీ తిప్పాను. శనివారం దగ్గర నా అబద్ధాల గురించి ఏదో ఉంటుందని వెతికాను, తిట్టి ఉన్నా బాగుండేది. ఒక్కటే వరస ఉంది.

‘శనివారం. పదకొండు. మంచు నిండుగా. జిట్టంగి - 1. అమ్మాయి - 1. ఆరోగ్యంగా ఉంది.’

పొడుగు పుస్తకం ముందుకి లాక్కున్నాను. ఆ మూడు రోజుల మీద, అక్షరాలు చదవడానికి వీలుగా, ఒక్కొక్క గీత కొట్టాను. పక్కన ‘నేను రాలేదు’ అని మూడుసార్లు రాసి, మూడింటి కిందా సంతకం పెట్టాను.